కబురు మోసిన గుండయ్య

పాతబస్తీ జహనుమాలో మా గల్లీ చివరి గేదెల కొట్టం గుండయ్యది. పొద్దున సైకిల్ మీద పాలు పోసేవాడు. ఎవరైనా పోతే అదే సైకిల్ మీద చావు కబురు మోసేవాడు. అది ఆయనకు ఎవరో ఇచ్చిన కొలువు కాదు. ఫలక్‌నుమా నుంచి చాంద్రాయణగుట్ట దాకా అందరి చుట్టాల ఇళ్లూ ఆయనకు తెలుసు, అంతే.

మా అమ్మమ్మ పోయినప్పుడు మా ఇంటికి వచ్చింది కూడా ఆయనే. గుమ్మంలో నిలబడి, "తిన్నవా బిడ్డా?" అని మా అమ్మను అడిగాడు. ఇంకా లేదంటే అరుగు మీద కూర్చుని గడ్డి ధర గురించి ఏదేదో మాట్లాడాడు. ఇచ్చిన మంచినీళ్లు ముట్టలేదు. అమ్మ తిని చేయి కడుక్కున్నాక అప్పుడు చెప్పాడు. ఆ తర్వాత రెండు రోజులు ఆమె ఏమీ తినలేదు. ఆ ఒక్క ముద్ద ఆయన పుణ్యమే.

ఆడమనిషి పోతే మాత్రం ఆయన ముందు పుట్టింటికే పోయేవాడు. "అన్నదమ్ములు తెచ్చిన చీర కప్పకుండ ఆడబిడ్డను ఎట్ల లేపుతరు?" అనేవాడు.

తర్వాత ఫోన్లు వచ్చాయి. గుండయ్య చుట్టాలంతా కూడా కలిసి వాట్సాప్‌లో గ్రూపు పెట్టుకున్నారు. పుట్టినరోజులూ, చావులూ, గుడ్ మార్నింగులూ అన్నీ అందులోనే. గుండయ్యది బటన్ల ఫోను, పైగా చదువు రాదు. ఆయన తరఫున ఆటో నడిపే కొడుకు రవీందర్ చేరాడు. ఇక కబురు మోయమని ఎవరూ ఆయన గడప తొక్కలేదు. "మంచిదే, నా మోకాళ్లు బతికినయ్" అని నవ్వేవాడు. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

పోయిన నెల ఆయన గేదె ఈనింది. చాంద్రాయణగుట్టలో ఉండే చెల్లెలు చంద్రమ్మకు జున్నంటే ప్రాణం. మర్నాడు పొద్దున్నే జున్నుగిన్నె సైకిల్‌కు కట్టుకుని బయలుదేరాడు. ఆమె గుమ్మం ముందు నలిగిన బంతిపూలు, సగం కాలిన పిడక కనిపించాయట. లోపల ఓ మూల దీపం. జీవితమంతా అలాంటి ఇళ్ల మధ్య తిరిగిన మనిషికి వేరే చెప్పాలా?

మేనల్లుడు అమరనాథ్ ఎదురొచ్చాడు కానీ లోపలికి రమ్మనలేదు.

"నిన్న పొద్దుగాలనే గ్రూపుల పెట్టినం గద మామా. మీ రవీందర్ ఫోన్లకెల్లి దండం బొమ్మ గూడ వచ్చె. పుట్టింటి చీర వస్తదని మిట్టమధ్యాన్నం దాక అమ్మను ఆపినం. ఆఖరికి నేనే దుకాన్ల కొనుక్కొచ్చి కప్పిన."

"నాకు ఒక్క ఫోన్ చెయ్యకపోతివి, అమర్?"

"తెలిసి గూడ రానోళ్లను బతిమాలాల్నా?"

గుండయ్య జున్నుగిన్నె విప్పకుండానే తిరిగొచ్చాడు.

ఆ సాయంత్రం కొట్టం దగ్గర లొల్లి వినబడి నేను పోయాను. రవీందర్ తల వంచుకుని నిలబడ్డాడు. "సిగ్నల్ కాడ ఆగి చూడకుండనే నొక్కిన బాపూ. రోజూ ఎవరో ఒకరిది వస్తది. మన అత్తదని నాకేమెరుక?" అని ఏడ్చాడు. వాడి మీద నాకు ఒళ్లు మండింది. కానీ నా జేబులోనూ అలాంటి ఫోనే ఉంది, నేనూ ఎన్నోసార్లు అలాగే నొక్కాను.

"ఏది, చూపెట్టు" అన్నాడు గుండయ్య.

చంద్రమ్మ ఫొటో. కింద బారెడు పొడుగున దండం పెట్టే చేతులు. చదువు రాకపోయినా చేతులు తెలుస్తాయి కదా, వాటినే చూస్తూ, "వీట్ల మనదేది?" అని అడిగాడు.

రవీందర్ వేలు పైకి జరుపుకుంటూ పోయి, ఫొటో అంచున ఆగాడు.

"ఇదే బాపూ. అందరికన్న ముందు మనదే."

గుండయ్య కళ్లు తుడుచుకోలేదు.

"సైకిల్ మీద నేను ఏనాడూ గింత జల్ది పోలేదు బిడ్డా" అన్నాడు.