ట్యాంకు మూత మీద నిలబడిన రోజు

మీ మరుగుదొడ్డి గొయ్యి నిండినప్పుడు లోపలికి దిగిన మనిషి పేరేమిటి? తడుముకోకుండా చెప్పగలరా?

చెప్పలేరు. ఒకప్పుడు నేనూ చెప్పలేకపోయేవాణ్ణి. పదిహేడేళ్లు సైన్యంలో చేశాను. మంచులో చేశాను, ఇసుకలో చేశాను. ఊళ్లో ఎవరు కనిపించినా తుపాకీ కథలే అడుగుతారు. ఇది తుపాకీ కథ కాదు. ఒక లాంచీ మీద పన్నెండు రోజుల డ్యూటీ. అక్కడ శత్రువు ఎవరో చదివాక మీరే తేల్చండి.

1990ల చివరి రోజులు. తుఫాను దాటి తొమ్మిది రోజులైంది. ఉదయం 5.40కి మా ట్రక్కు నరసాపురం రేవులో ఆగింది. సన్నటి వాన, తూర్పు గాలి. వశిష్ఠ గోదావరి ఎర్రగా, నిండుగా, విరిగిన కొబ్బరి మట్టలను మోసుకుపోతోంది. నా వీపున ఇరవై రెండు కిలోల మూట. అందులో సగం బరువు రెంచీలు, హాక్సా, పైపు ముక్కలు. నేను ఇంజనీర్ల దళంలో నాయక్‌ని. నా ట్రేడు పైపుల పని. నవ్వకండి. వెయ్యిమంది జవాన్లున్న చోట నీళ్లు ఎటు నుంచి రావాలో, మురికి ఎటు పోవాలో తెలిసినవాడు లేకపోతే యుద్ధానికి ముందే విరేచనాలు గెలుస్తాయి.

రేవులో మా లాంచీ కట్టి ఉంది. అరవై అడుగుల పొడవు, రెండు అంతస్తులు. అంతకుముందు ప్రయాణికులను తిప్పేది. ఇప్పుడు దాన్ని తేలే ఆసుపత్రిగా మార్చారు. రోడ్లు తెగిపోయిన ఆరు లంక గ్రామాలకు డాక్టరును తీసుకెళ్లి తీసుకురావాలి. డాక్టరు కెప్టెన్ హోదాలో ఉన్న మహిళ. మాపై అధికారి సుబేదార్, పిఠాపురం వైపు మనిషి, క్రమశిక్షణకు కట్టుబడినవాడు. ఒక రేడియో ఆపరేటర్. లాంచీ నడిపే సరంగు, నరసాపురం పెద్దాయన.

లాంచీ ముక్కు దగ్గర పసుపు గుడ్డలు చుట్టిన మొద్దులాంటిది ఒకటి అడుగు ఎత్తున నిలబడి ఉంది. సరంగు దానికి దండం పెట్టి ఇంజను స్టార్ట్ చేశాడు.

"ఏంటండీ అది?" అని అడిగాను.

"గంగమ్మ తల్లికండి బాబూ. ప్రతి శుక్రవారం పసుపు రాసి గుడ్డ కడతాం. పాతది విప్పకూడదండి, దాని మీదే కొత్తది కట్టాలి."

నేను నవ్వి అవతలికి పోయాను. అది నా మొదటి తప్పు. మూఢనమ్మకాన్ని ఎగతాళి చేశాను, పరీక్షించలేదు. ఎగతాళి చేయడానికి తెలివి అక్కర్లేదు.

డాక్టరు మొదటి ఆజ్ఞ మరుగుదొడ్డి గురించి. లాంచీలో ఒకటే ఉంది, రోగులకోసం. దాని మురికి ముందు డెక్కు కింద ఉన్న ఇనప ట్యాంకులోకి పోతుంది. పన్నెండు వందల లీటర్లు పడుతుంది.

"ఒక్క చుక్క నదిలోకి వదలకూడదు. కింద లంకల్లో ఈ నీళ్లే తాగుతున్నారు. కాచుకోవడానికి ఎండుపుల్ల కూడా లేదు వాళ్లకి" అంది డాక్టరు. ట్యాంకు నిండాక రేవుకు వచ్చి, లారీ ట్యాంకరులోకి పంపుతో తోడించాలి. బాధ్యత నాది.

మూడో రోజు కంపు మొదలైంది. కుళ్లిన కోడిగుడ్ల కంపు. దొడ్డి తలుపు తీస్తే చాలు, పై డెక్కు దాకా వచ్చేది. ఎవరి వైద్యం వాళ్లు చేశారు. సుబేదార్ అగరొత్తులు వెలిగించాడు. సరంగు కర్పూరం వెలిగించాడు. నేను సీసాడు ఫినాయిలు, రెండు కిలోల బ్లీచింగ్ పౌడరు పోశాను. అది నా రెండో తప్పు. నాలుగో రోజుకు కంపు రెట్టింపైంది.

ఆ రోజు ఒక లంకలో నెలలు నిండిన కోడలిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది ఒక పెద్దావిడ. మెట్ల మీదే ఆగిపోయింది.

"ఏంటమ్మా ఇది, ఆసుపత్రా, పెంటకుప్పా? మా బురదే నయం తల్లీ!" అని కోడలిని వెనక్కి తీసుకుపోయింది. ఆమె వెనక ఇంకో పద్దెనిమిది మంది.

సాయంత్రం రేడియో:

"లాంచీ, ఇది బేస్. ఈ రోజు రోగులెంతమంది? ఓవర్."

"వచ్చినవాళ్లు యాభై. ఎక్కినవాళ్లు ముప్పై. ఓవర్."

"మిగతావాళ్లు ఎందుకెక్కలేదు? ఓవర్."

"రేడియోలో వాసన రాదు కాబట్టి మీరు బతికిపోయారు. ఓవర్."

నేను నవ్వలేదు. డాక్టరు నన్ను పిలిచి కూర్చోబెట్టింది. మురికిలో రెండు రకాల సూక్ష్మజీవులుంటాయని చెప్పింది. గాలి పీల్చి బతికేవి ఒక రకం. అవి తమ పని తాము చేసుకుపోతాయి, కంపు పుట్టించవు. గాలి లేనిచోట బతికేవి రెండో రకం. కంపు వాటిదే. "నువ్వు బ్లీచింగ్ పోసి మొదటి రకాన్ని చంపావు నాయక్. రెండో రకానికి రాజ్యం ఇచ్చావు."

గొట్టాలు పరీక్షించాను. శుభ్రమైన గుడ్డను వేడినీళ్లలో ముంచి రబ్బరు గొట్టానికి చుట్టాలి. చల్లారాక తీసి వాసన చూడాలి. గుడ్డకు కంపు అంటితే గొట్టం మురికిని పీల్చుకుందని అర్థం. నాలుగు చోట్ల చుట్టాను. నాలుగు గుడ్డలూ శుభ్రంగానే వచ్చాయి. తప్పు గొట్టాలది కాదు. మరి దేనిది? తెలియలేదు.

ఆరో రోజు ఉదయం 9.30. నరసాపురం రేవు. లారీ వచ్చింది. ట్యాంకుకు పంపు బిగించాం. ఇంజను తిరిగింది. ఒక నిమిషం మురికి కదిలింది, ఆగిపోయింది. పంపు మూలిగింది. దాని గొట్టం ఎండిన పాము కుబుసంలా నొక్కుకుపోయింది. మూడుసార్లు ప్రయత్నించాం. మూడుసార్లూ అంతే.

"అడుగున గట్టిపడిపోయింది. మనిషి దిగి తవ్వాల్సిందే" అన్నాడు సుబేదార్. ఊళ్లోకి కబురు వెళ్లింది. ట్యాంకు మీది ఇనప మూత బోల్టులు విప్పడానికి రెంచీలు తీశారు.

10.15కి సైకిలు మీద ఒక మనిషి వచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. పేరు దానియేలు. ఈ జ్ఞాపకంలో అందరినీ హోదాతో రాశాను, ఇతన్ని ఒక్కణ్ణే పేరుతో రాస్తున్నాను. ఎందుకంటే ఆ రోజు రేవులో అతన్ని పేరుతో పిలిచినవాడు ఒక్కడూ లేడు.

"వచ్చావా? ఇదిగో బకెట్టు" అన్నాడు సుబేదార్.

"ఆయ్, అలాగేనండి."

దానియేలు తెల్లచొక్కా విప్పాడు. డెక్కు మీద ఆరిన చోటు చూసి, ఇస్త్రీ మడతలు చెడకుండా మడిచి పెట్టాడు. జేబులోంచి కాగితంలో చుట్టిన ఎర్రసబ్బు ముక్క తీసి చొక్కా మీద పెట్టాడు. తాడు తనే నడుముకు కట్టుకున్నాడు.

నాకు మా ట్రైనింగు ఉస్తాదు మాట గుర్తొచ్చింది. 'కుళ్లు గుడ్డు వాసన వస్తున్నంతసేపు బతికున్నట్టు. వాసన ఆగిందంటే గాలి బాగుపడలేదు, నీ ముక్కు చచ్చింది. తరవాత వంతు నీది.' వెళ్లి మూత మీద రెండు కాళ్లూ పెట్టి నిలబడ్డాను.

"తప్పుకో నాయక్."

"తప్పుకోను సాబ్."

"ఇది ఆర్డర్."

"అర్థమైంది సాబ్. తప్పుకోను."

"వాడికి అలవాటేనయ్యా!"

"విషవాయువుకు ఎవరి ఊపిరితిత్తులూ అలవాటు పడవు సాబ్. కులం చూసి అలవాటని మనమే అనుకుంటున్నాం."

"అయితే నువ్వే దిగు!"

"దిగుతాను. నన్ను దించాలంటే మాస్కు, గాలి సిలిండరు, పైన ఇద్దరు మనుషులు, మీ సంతకంతో కాగితం కావాలి. రూలు అది. అతన్ని దించడానికి బకెట్టు ఒక్కటి చాలా సాబ్?"

రేడియో ఆపరేటర్ నా వెనక గొణిగాడు: "అన్నకి పెన్షన్ మీద మోజు తీరినట్టుంది."

డాక్టరు కిందికి వచ్చింది. విషయం విన్నది. గడియారం చూసింది. "పదకొండు దాకా టైమిస్తున్నాను. ఈలోగా ఎవరూ దిగరు. నాయక్ కూడా."

నాకు పంపు గురించి తెలిసిందంతా అప్పటికే అయిపోయింది. మూత మీద నిలబడటానికి ధైర్యం చాలింది, తర్వాత ఏం చేయాలో తోచలేదు. దానియేలు వైపు తిరిగాను. "మీరేమంటారండీ?"

అతను వెనక్కి చూశాడు, ఇంకెవరినో అడుగుతున్నాననుకుని.

"మిమ్మల్నేనండి."

"గట్టిపడితే గొట్టం అలా నొక్కుకుపోదండి" అన్నాడు. "నూనె డబ్బాకి ఒకే చిల్లు పెడితే నూనె దిగదు కదండి, రెండోది పెట్టాలి. దీని రెండో చిల్లు ఎక్కడో మూసుకుపోయిందండి. ట్యాంకుకి ఊపిరాడట్లేదు."

"వచ్చినప్పుడే తెలుసా మీకు?"

"గొట్టం చూడగానే తెలిసిందండి."

"మరి చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదు కదండి."

మోకాళ్ల మీద కూర్చుని ట్యాంకు పై అంచంతా తడిమాను. ఓ మూల వేలెడు లావు ఇత్తడి గొట్టం దొరికింది. అది డెక్కు చెక్కల కింది నుంచి ముందుకు పోతోంది. దానివెంట పాక్కుంటూ వెళ్లాను. లాంచీ ముక్కు దగ్గర పైకి లేచింది. తల ఎత్తి చూశాను. ఎదురుగా పసుపు గుడ్డల మొద్దు.

కత్తి తీశాను. సరంగు అడ్డం వచ్చాడు.

"వద్దండి బాబూ! తల్లికి కోపం వస్తుందండి!"

"సరంగు గారూ, ఇది దొడ్డి ట్యాంకు గాలి పీల్చే గొట్టం. ఇన్నేళ్లుగా దీనికి పూజ చేస్తుంటే రాని కోపం, ఇప్పుడు తుడిస్తే వస్తుందా?"

కోశాను. పొర కింద పొర. గుడ్డ, పసుపు, గుడ్డ, కుంకం, గుడ్డ. లోపలి పసుపు ఇటుకలా గట్టిపడింది. ఉలితో కొట్టాల్సొచ్చింది. చివరి పెళ్ల ఊడగానే గొట్టం గాలిని ఒక్కసారి లోపలికి లాక్కుంది. ఆ చప్పుడు రేవులో ఉన్నవాళ్లందరూ విన్నారు.

11.05కి పంపు వేశాం. ఈసారి దాని దగ్గర నిలబడింది దానియేలు, ఒడ్డున, గాలిలో. 11.27కి ట్యాంకు ఖాళీ. నీళ్లు నింపి రెండుసార్లు కడిగి తోడాం. మనిషి దిగలేదు.

సరంగు మొహం వేలాడేసుకుని గుడ్డ ముక్కలు ఏరుకుంటున్నాడు. "మరి ఇప్పుడు ఎక్కడ కట్టాలండీ?"

"జెండా కర్రకు కట్టండి. ఎగురుతుంది కూడా."

కట్టాడు. నేను ఆయన నమ్మకాన్ని ఓడించానని చెప్పను. దాని చోటు మార్చాను. ఆ పూటకు ఒక ప్రాణానికి అది సరిపోయింది.

ఆ తర్వాత పద్ధతి మార్చాం. బ్లీచింగ్ లేదు, ఫినాయిలు లేదు. మనిషి వెళ్లినప్పుడల్లా నిండు బకెట్టు నీళ్లు. రోజూ ఉదయం ఆరుకి ఒకరు గాలి గొట్టం మూతిలో తీగ పెట్టి చూడాలి. వంతుల జాబితాలో మొదటి పేరు సుబేదార్‌ది. డాక్టరే రాసింది. ఎనిమిదో రోజుకు కంపు పోయింది. ఆ పెద్దావిడ కోడలితో మళ్లీ వచ్చింది. మెట్లెక్కి ఒకసారి గాలి పీల్చింది. "ఇప్పుడు మనుషుల పడవలా ఉంది" అంది. తొమ్మిదో రోజు పై డెక్కు మీద ఆడపిల్ల పుట్టింది.

పన్నెండో రోజు తిరుగు ప్రయాణం. నరసాపురం స్టేషన్లో రైలెక్కాక సుబేదార్ నా చేతికి కాగితం ఇచ్చాడు. ఆజ్ఞ ధిక్కరించినందుకు ఏడు రోజుల అదనపు డ్యూటీ. సంతకం పెట్టాను.

"నువ్వు చేసింది తప్పే."

"అవును సాబ్. మళ్లీ చేస్తాను."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. నరసాపురం పొలిమేర దాటాక అడిగాడు: "అతని పేరేంటన్నావు?"

ఎన్నో పోస్టింగులు మరిచిపోయాను. ఒకటి మాత్రం పోదు. తడి డెక్కు మీద ఆరిన చోట మడిచిన తెల్లచొక్కా, దాని మీద ఎర్రసబ్బు ముక్క. పని అయ్యాక దానియేలును అడిగాను, సబ్బు ఎందుకు తెచ్చుకున్నారని. "పైకొచ్చాక ఎవరూ సబ్బివ్వరండి. కుళాయి కూడా ముట్టనివ్వరు. మా అన్న పాలకొల్లులో ఒక గోతిలో దిగాడండి. ఆయన సబ్బు గట్టుమీదే ఉండిపోయిందండి" అన్నాడు. చొక్కా తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని, వాడని సబ్బును జేబులో వేసుకుని సైకిలెక్కాడు.

ఇప్పుడు మీ వంతు. రేపు ఉదయం మీ దొడ్డి వెనక్కి వెళ్లండి. గాలి గొట్టం తెరిచి ఉందో లేదో మీ కళ్లతో చూడండి. మూసుకుంటే మీ చేతులతో తెరవండి. పంపు పిలిపించండి. ఎవరైనా మనిషిని దించుదామంటే ముందు అతని పేరు అడగండి. తర్వాత వెళ్లి ఆ మూత మీద నిలబడండి. ఎవరు చెప్పినా దిగకండి.