అక్క కోసం గట్టి కమాన్లు

కారు వెనుక ఇరుసు మీద ఒకదాని కింద ఒకటి పేర్చి బిగించే ఇనుప పట్టీల కట్టను మా దిక్కు కమాన్లు అంటారు. బండి బరువు మోసేవి అవే. గుంతలో పడ్డప్పుడు వంగి ఆ దెబ్బను మింగేవీ అవే. ఉద్యమం రోజుల్లో నా పాత టాక్సీ కారుకు గట్టి కమాన్లు వేయించాను. అక్క కోసమే వేయించాను. ఈ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే మిగతా సంగతి విన్నాక చెబితే ఎవరూ నమ్మరు.

అక్క నాకంటే పన్నెండేళ్లు పెద్దది. అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్లు. తల దువ్వినా, బడికి తోలినా, ఎదురు మాట్లాడితే చీపురు తిరగేసి కొట్టినా అన్నీ అక్కే. నాకు ముక్కు మీద కోపం. దాన్ని నవ్వుతూ భరించిన మనిషి ఆమె ఒక్కతే. "మా తమ్మునిది పాలపొంగు కోపం, నీళ్లు సల్లితె దిగుతది" అని బావతో అనేదట. బావా అక్కా పెద్దవంగరలో ఉండేవాళ్లు, నేను పాలకుర్తిలో కారు నడుపుకునేవాణ్ని.

నలభై దాటాక అక్క కిడ్నీలు రెండూ చెడిపోయాయి. వారానికి రెండుసార్లు వరంగల్ దవాఖానలో మెషీన్ పక్కన పడుకుని రక్తం శుభ్రం చేయించుకోవాలి. ఒక్క వారం తప్పితే ఒళ్లంతా నీరు చేరేది. పడుకుంటే ఊపిరాడదు, రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చునేది. బావకు పొలం, పత్తి. కాబట్టి తీసుకుపోవడం, తీసుకురావడం నా పని. అక్క బతుకు నా బండి మీద ఉందని ఊళ్లో అందరూ అనేవాళ్లు, నాకు అది విని గర్వంగా ఉండేది.

అప్పుడు సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయాయి, బడులు మూతపడ్డాయి. ఎక్కడ చూసినా రోడ్డుకు అడ్డంగా కొట్టేసిన చెట్లు, బండరాళ్లు, కాలుతున్న టైర్లు. నేనూ జై తెలంగాణ అన్నవాణ్నే, గొంతు పోయేదాకా అన్నవాణ్నే. దవాఖాన బండి అని చెబితే అడ్డం ఉన్నవాళ్లు రాళ్లు జరిపి పంపేవాళ్లు. కానీ పడ్డ చెట్టును జరపడానికి ఎవరున్నారు? అలాంటప్పుడు పొలాల మధ్య నుంచి బండ్ల బాటలో పోయేవాణ్ని. నా కారు కమాన్లు అప్పటికే సాగి చదునైపోయాయి. మిట్ట వచ్చిన ప్రతిసారీ బండి అడుగు నేలకు రాసుకునేది.

ఒకరోజు ఒక రాయి సైలెన్సర్‌ను ఊడబీకింది. తీగతో కట్టుకుని వరంగల్ చేరేసరికి అక్క వంతు దాటిపోయింది, మెషీన్ మీద ఇంకొకరు ఉన్నారు. వరండాలో కింద కూర్చుని, నోరు తెరిచి గాలి కోసం ఎగపోస్తున్న అక్కను పట్టుకుని నాలుగు గంటలు గడిపాను. ఇక బండి అడుగు నేలకు తాకితే నా పేరు మార్చుకుంటానని ఆరోజే అనుకున్నాను.

భూపాలపల్లిలో బొగ్గు లారీలకు కమాన్లు కట్టే మెకానిక్ ఒకడు తెలుసు. బొగ్గుబాయి కార్మికులు కూడా సమ్మెలో ఉన్నారు, లారీలు వరుసగా నిలబడిపోయాయి, అతని చేతిలో పని లేదు. నా కారును చూడగానే లేచి వచ్చాడు. కిందికి వంగి చూసి ఒకే ప్రశ్న అడిగాడు.

"ఎంత లోడ్ ఏస్తవే అన్నా?"

"ఎంతైనా ఏస్త. మళ్ల కింద తాకుడు ముచ్చట ఉండొద్దు."

"అయితె ఏనుగునెక్కించినా దిగదు పో."

అతను అడగాల్సిందే అడిగాడు. మా అక్క ఒక్కతే ఎక్కుతుంది, నలభై కిలోలు కూడా ఉండదు అని చెప్పాల్సింది నేను. చెప్పలేదు. బండి గురించి అడిగితే మనవాళ్లం ఎప్పుడూ ఎక్కువే చెబుతాం, తక్కువ మోస్తుందంటే నామోషీ. అతను లారీ తుక్కులోంచి రెండు మందపాటి పట్టీలు తీసి, కోసి, నా కమాన్ల కట్టలో చేర్చి బిగించాడు. కారు వెనుక భాగం జానెడు లేచింది. నేను మీసం మెలేసుకుంటూ ఇంటికి వచ్చాను.

దవాఖానకు తీసుకుపోదామని పెద్దవంగర పోతే, అక్క వాకిట్లో నిలబడి చూసి నవ్వింది. "ఏందిరా గిది? ముడ్డి మీదికి లేపి మొకం కిందికేసింది. కుమ్మనీకి వచ్చే దున్నపోతు తీర్గ ఉన్నది."

ఆరోజు ఎక్కడా ఆగలేదు, ఎక్కడా తాకలేదు. వంతు కంటే ముందే చేరాం. కానీ వచ్చేటప్పుడు అక్క రెండు చేతులూ సీటుకు ఆనించి, ఒళ్లు పైకి ఎత్తి పట్టుకుని కూర్చుంది. "తమ్మీ, కింది నుంచి రోకలి తోని దంచినట్టయితాందిరా" అంది. కొత్తవి కదా, నాలుగు రోజులకు సర్దుకుంటాయని చెప్పాను.

అవి సర్దుకోలేదు, మిగతావాటిని చెడగొట్టాయి. హెడ్‌లైట్ల వెలుతురు దూరం పోకుండా ముందున్న రోడ్డు మీదే పడేది. పది రోజులకే వెనుక షాకబ్జర్లు నూనె కారాయి. రబ్బరు బుష్షులు నలిగి చప్పుడు మొదలుపెట్టాయి. వెనుక తలుపు ఒకటి పడటం మానేసింది, అద్దం మూలన సన్నటి బీట వచ్చింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న మాట నాకు తెలియనిదా? అయినా ఒప్పుకోబుద్ధి కాలేదు. నా బండికి ఎప్పుడూ పనిచేసే జనగామ మెకానిక్ దగ్గరికి పోయాను. పెద్దాయన, నన్ను తిట్టే హక్కున్నవాడు.

"ఎవడేసిండ్రా గివి? పట్టీ వంగకపోతె ఆ దెబ్బ ఏడికి పోవాలె? షాకబ్జర్లను తిన్నది, బుష్షులను తిన్నది, గిప్పుడు బాడీని తింటాంది. ఆ రెండు పట్టీలు తీసేయ్."

"రేపు మా అక్కను తీస్కపోవాలె. మళ్ల కింద తాకి నడిమిట్ల ఆగితె నువ్వొస్తవా?"

"నీతోని ఎవడు ఒర్రుతడు! తియ్యకుంటె డిక్కీల ఇసుక బస్తాలన్న ఎయ్. బరువుంటె జర మెత్తగ పోతది."

నాలుగు బస్తాలు వేశాను. నిజంగానే బండి నెమ్మదించింది. ఆ వారం వరంగల్ నుంచి వస్తూ అక్క నిద్రపోయింది. కారులో అక్క నిద్రపోవడం ఎన్ని నెలలకు చూశానో! ఇల్లు వచ్చాక లేపితే, "గిప్పుడు మంచిగున్నదిరా" అంది. మరుసటి వారం కూడా బాగానే గడిచింది.

తర్వాత పాలకుర్తిలో వంటా వార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు, రోడ్డు మీదే బంతి భోజనాలు, అదే రాస్తారోకో. గిన్నెలూ బియ్యమూ కట్టెలూ తేవడానికి బండి కావాలన్నారు. నేను ఇసుక బస్తాలను మా ఇంటి గోడ పక్కన పడేసి పోయాను. ఆరోజు గంటె పట్టుకుని అన్నం వడ్డించాను, అరిచాను, పాడాను. అంత సంతోషం నాకు మళ్లీ కలగలేదు.

తెల్లారితే అక్కను తీసుకుపోయే రోజు. రాత్రి కారు ఇంటి ముందు పెడుతుంటే గోడ పక్కన బస్తాలు కనబడ్డాయి. మరిచిపోయానని చెప్పుకోవచ్చు, కానీ అబద్ధం ఎందుకు? చూశాను. నడుములు పడిపోయి ఉన్నాయి, పొద్దుపోయింది, ఒక్కరోజుకు ఏమవుతుందిలే అనుకున్నాను.

పోయేటప్పుడు మెల్లగా నడిపాను. పెద్దవంగరకు రెండు మైళ్ల దూరంలో రోడ్డుకు అడ్డంగా ఒక కందకం ఉండేది. వాహనాలు రాకుండా తవ్వి, కొన్ని రోజులకు మట్టితో పూడ్చారు, ఆ మట్టి కుంగింది. పొద్దున దాన్ని మొదటి గేరులో దాటించాను. మధ్యాహ్నం తిరిగి వస్తున్నప్పుడు అక్క వెనుక సీట్లో ఒరిగి ఉంది. మెషీన్ మీంచి లేచిన రోజు మనిషి పిండేసిన బట్టలా ఉండేది.

"ఇసుక బస్తాలేవిరా?"

"తీసిన. వంటా వార్పుకు గిన్నెలు తీస్కపోయిన."

"మళ్ల ఏస్కోవద్దారా? పానం పోతాంది."

రాత్రి సరిగా నిద్ర లేదు, తప్పు నాదని తెలుసు. అందుకే ఇంకా మండింది. "ఊరు ఊరంత రోడ్డు మీదున్నది. తెలంగాణ కోసం పోరగాండ్లు పానాలిడుస్తాన్రు. నీకు నీ నడుము నొప్పే పెద్దగైందా?" అన్నాను.

అద్దంలో చూశాను, అక్క మొహం కిటికీ వైపు తిప్పుకుంది. తిట్టి ఉంటే బాగుండేది. దానికి నాకు ఇంకా కోపమొచ్చి యాక్సిలరేటర్ తొక్కాను. కందకం ఉందని తెలుసు. తెలిసే అదే వేగంతో దాంట్లోకి పోయాను.

వెనుక భాగం ఎగిరింది. అక్క సీటు మీంచి లేచి, కూర్చున్న మనిషి కూర్చున్నట్టే మళ్లీ పడింది. కేక వేయలేదు. లోపలికి ఒక్కసారి ఊపిరి పీల్చిన చప్పుడు మాత్రం వినబడింది. అప్పుడు నేనేమన్నానో తెలుసా? "గట్టిగ పట్టుకోవద్దానే?" అన్నాను.

ఇంటి ముందు దిగలేకపోయింది. ఎత్తుకుని లోపలికి తీసుకుపోయి మంచం మీద పడుకోబెట్టాను. కాళ్లు కదిపితే కళ్లు తేలేస్తోంది. బావ పత్తి ఏరించడానికి పోయాడు, ఇంట్లో మేమిద్దరమే. పిలుచుకొస్తానని లేచాను. అక్క నా మణికట్టు పట్టుకుంది.

"బావకు చెప్పకు. బాత్రూంల జారిపడ్డ అని నేను చెప్త."

"ఎందుకే?"

"మీ ఇద్దరికి లొల్లయితె నన్ను దవాఖానకు ఎవరు తీస్కపోతరురా?"

నేను సరేనన్నాను. బావ వచ్చాడు, అక్క చెప్పాల్సింది చెప్పింది. బావ నెత్తి కొట్టుకున్నాడు. "పొద్దుగాల తానం చేసి సబ్బునీళ్లు కడుగకనే పోతి. అయ్యో, నా చేతులార చేస్తి గదనే!" అన్నాడు. నేను దర్వాజ పట్టుకుని నిలబడి ఉన్నాను. నోరు తెరిస్తే అయిపోయేది. తెరవలేదు.

వెన్నుపూస ఒకటి నలిగిందని ఎక్స్‌రేలో తేలింది. కిడ్నీలు చెడ్డవాళ్ల ఎముకలు గుల్లబారతాయని, చిన్న కుదుపునైనా తట్టుకోలేవని డాక్టర్ చెప్పాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి జనగామ పోయాను. పెద్దాయన ఆ రెండు పట్టీలు విప్పి నా ముందు పడేశాడు. చీలిక లేదు, గీత లేదు, వేసినప్పటిలాగే ఉన్నాయి. వాటిని ఊరవతల బావిలో పారేశాను.

బండి మెత్తగా నడిచింది. ఇక దానితో ఏం లాభం? వెనుక సీట్లో పరుపు వేసి, అక్కను పడుకోబెట్టి నాలుగుసార్లు తీసుకుపోయాం. చిన్న రాయి తగిలినా అరిచేది. ఐదోసారి కారు వాకిట్లో ఆపితే రానంది. బావ బతిమిలాడాడు. నేను కాళ్లు పట్టుకున్నాను. "నాతోని గాదురా. ఇగ నన్ను ఇడిచిపెట్టున్రి" అంది. పది రోజులకు ఊపిరాడక పోయింది. అప్పటికి సమ్మె ముగిసి బస్సులు తిరుగుతున్నాయి.

దశదినకర్మ అయిన మర్నాడు బావ సుత్తీ ఉలీ పట్టుకుని బాత్రూంలో కూర్చున్నాడు. నున్నటి గచ్చునంతా పొద్దుగూకేదాకా ఒక్కడే చెక్కాడు. వద్దన్నా వినలేదు, నన్ను చేయి వేయనియ్యలేదు. చెక్కినకాడికి చెక్కి, గరుకు బండలు తెచ్చి పరిచాడు.

రాష్ట్రం వచ్చింది. పెద్దవంగర మండలమైంది, జిల్లా కూడా మారింది. నేను నెలకోసారి పోయి బావను చూసి వస్తాను, ఇద్దరం కలిసి అన్నం తింటాం. తినే ముందు కాళ్లు కడుక్కోవడానికి లేస్తే, ఎన్నేళ్లయినా, బావ కుర్చీలోంచి సగం లేచి అదే మాట అంటాడు.

"పైలం బామ్మర్ది. గాడనే జారింది మీ అక్క."

సరే బావా అంటాను. గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ చూసి వేస్తాను.