లెక్క సరిపోయింది

తళి ఊరు దాటగానే వ్యాను కిటికీలోంచి అనపకాయల వాసన గుప్పుమంది. మంచుకు తడిసిన అనపచేను వాసన ఎలాంటిదో ఆ పక్కన పుట్టి పెరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. కాయలు వలిచిన చేతుల్ని ఎంత తోమి కడిగినా రెండు రోజులు వదలని ఆ ఘాటూ, చలి పొద్దున మా అమ్మ అనపగింజలు పితికి కాచిన వేడివేడి పితికిపప్పు పులుసులో ముంచి పెట్టిన రాగిసంగటీ, నోరు కాలుతున్నా ఆగలేక ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూ మింగిన ముద్దలూ, అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. పక్క సీట్లోని అమ్మాయితో ఆ మాటే అనబోయాను. ఆమె చెవుల్లో పాటలు పెట్టుకుని ఉంది. మళ్లీ కిటికీ వైపు తిరిగాను.

హోసూరులో మా లేఅవుటు వాళ్ల నడక బృందం మాది. నెలకొక ఆదివారం ఏదో ఒక పల్లెకు పోయి పొద్దంతా నడుస్తాం. నా భార్య పోయాక ఆదివారాలు గోడలు చూస్తూ కూర్చోలేక, నాతో నాలుగు మాటలాడే మనిషి ఒక్కరైనా దొరక్కపోతారా అని చేరాను. ఇది నాలుగో నడక, ఈసారి మా సొంతూరి వైపే. ఇప్పటికీ అందరికీ నేను అంకుల్‌నే, పేరు ఎవరూ అడగలేదు. అడగనివాళ్లకు నేనే చెప్పుకోవచ్చు కదా అంటారా? అదిగో, ఆ బింకం ఒకటి ఏడ్చింది నాకు.

మధ్యాహ్నం చింతతోపులో పులిహోర పొట్లాలు విప్పే ముందు, బృందాన్ని నడిపించే ఇంజనీరు వేలు చూపిస్తూ తలలు లెక్కపెట్టి, "ఇరవై రెండు, కరెక్ట్!" అన్నాడు. నాకు మా నాయన గుర్తొచ్చాడు.

మాది గొర్రెల ఇల్లు. బడి లేని రోజుల్లో సంగటి మూటా మజ్జిగ బుర్రా పట్టుకుని నేనూ మంద వెంట పోయేవాణ్ణి. రేగుపళ్లు ఏరుకుంటూ, బీడు మీద గాలికి ఈలలేస్తూ, ముళ్లు గుచ్చుకున్న కాళ్లతో సాయంత్రానికి ఇల్లు చేరేవాళ్లం. కంచె సందులోంచి గొర్రెలు ఒక్కొక్కటే దొడ్డిలోకి దూరుతుంటే నాయన గొంగడి కప్పుకుని పక్కన నిలబడేవాడు. ఒకసారి, అప్పుడే బళ్లో వందదాకా నేర్చిన నేను, పెద్ద మొనగాణ్ణయినట్టు, ఒకటీ రెండూ అని గట్టిగా మొదలుపెట్టాను. ఆయన చటుక్కున నా నోరు మూశాడు.

"లెక్క బెట్టగూడదు రా, మందకు దిష్టి తగల్తాది."

"మల్లా యాదన్నా తప్పిపోతే ఎట్ల తెలుస్తాది నాయనా?"

"మొగం జూస్తాండా కదరా. రాని మొగం యాదో నాకు తెలీదా?"

నిజంగానే తెలిసేది. బొల్లిది రాలేదనో, కుంటిపిల్ల రాలేదనో కర్ర తీసుకుని వెనక్కి తిరిగేవాడు.

ఒకరోజు రాని మొగం నాదే అయింది. కడుపునిండా తిని గుట్టమీద బండ నీడన నిద్రపోయాను. లేచి చూస్తే గొర్రె లేదు, మనిషి లేడు. గొంతు పోయేలా ఏడ్చాను. ఎంతోసేపు కాలేదు, నాయన గుట్టెక్కి వస్తూ కనిపించాడు. మందను నడిదారిలో చిన్నాయనకు అప్పజెప్పి వచ్చాడట. తిట్టలేదు, కొట్టలేదు. భుజానికెత్తుకుని, "గొర్రెపిల్లే మేలు రా, ఇంత బరువుండదు," అన్నాడు. ఆ దారి అయిపోకుండా ఉంటే బాగుండుననుకున్నాను.

తిని లేచాక మా నడక ఆ గుట్ట కిందుగానే సాగింది. మేం మేపిన బీడంతా తెల్లటి ప్లాస్టిక్ పందిళ్లు, లోపల గులాబీలు, ముందర తాళం వేసిన గేటు. మందలు లేవు. మా వాళ్ల పిల్లలంతా కంపెనీ బస్సులెక్కుతున్నారు. బండను సగం కొట్టేసి రాళ్లు తోలుకుపోయారు. మిగిలిన సగం కనిపించేచోట నా కాళ్లు ఆగిపోయాయి, మిగతావాళ్లు ముందుకు పోయారు. పక్క చేలో అనపకాయలు కోస్తున్న ఒకావిడ తలెత్తి అడిగింది.

"యాడోళ్లప్పా మీరు?"

"ఈడోణ్ణే అమ్మా," అని నాయన పేరు చెప్పాను.

"తెలీదప్పా. మేం ఈడికి కూలికొచ్చినోళ్లం."

ఆమెకే కాసేపు మా ఊరి సంగతులు చెప్పాను, వద్దనలేదు కాబట్టి.

రోడ్డు మీదికి వచ్చేసరికి వ్యాను వెళ్లిపోయింది. ఆ లెక్క అయ్యాక, భోజనాలప్పుడు ఎవరి స్నేహితుడో తళి నుంచి వచ్చి మాతో కలిశాడు. అతనూ వ్యానెక్కి ఉంటాడు కాబట్టి నేను లేకపోయినా ఇరవై రెండు సరిపోయి ఉంటుంది. తళిదాకా నడిచి బస్టాండులో కూర్చున్నాను. ఫోన్ చేస్తే వెనక్కి వచ్చేవాళ్లే, చెడ్డవాళ్లేం కాదు. కానీ ఎవరో ఒకరు తమంతట తాము అడుగుతారేమో చూడాలనిపించింది. ఫోను అరచేతిలో పెట్టుకుని రెండు బస్సులు వదిలేశాను.

మూడో బస్సెక్కుతుండగా గ్రూపులో మెసేజీ వచ్చింది: "అందరం క్షేమంగా చేరాం!" దాని కింద వరసగా బొటనవేళ్లు పడుతున్నాయి. కిటికీ పక్కన కూర్చుని, నేనూ ఒక బొటనవేలు పెట్టాను.