మామిడి కాటా మీద మా నాయన

తిరుపతి ప్రయాణం అనగానే దర్శనం టికెట్లూ లాడ్జి గదులూ తెలుసుకుందామని వచ్చిన పాఠక మహాశయులకు సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. ఇందులో కొండ లేదు, లడ్డూ లేదు. మా నాయన మోకాలు ఉంది.

ఆ మోకాలి కోసమే బయల్దేరాం. బరువు తగ్గితేనే ఆపరేషన్ అని తిరుపతి డాక్టరు చెప్పాడు. చిత్తూరులో మామిడి మండీ నడిపే మా నాయన ఫోనులో ఎవరో చెప్పింది విని అన్నం మానేశాడు. గుడ్లు, వేటమాంసం, నెయ్యి. షుగరు మాత్రలు మాత్రం ఎప్పటిలాగే. మొదట్లో నిజంగానే తగ్గాడు. రోజూ పొద్దున మండీ కాటా మీది మామిడి క్రేట్లు దింపించి, తానే ఎక్కేవాడు. "తూకంలో తరుగు తీసేయన్నా, నీలో గూడా కుళ్లిన కాయలుంటాయి" అని కూలీలు నవ్వేవాళ్లు. తర్వాత అంకె మొండికేసింది. నాయన అంతకంటే మొండి. రాత్రిపూట తినే పిడికెడు సంగటి కూడా వదిలేశాడు.

చిత్తూరు బస్టాండులో ఏడింటికి ఆర్టీసీ బస్సెక్కితే పూతలపట్టు, చంద్రగిరి మీదుగా సుమారు రెండు గంటల్లో తిరుపతి. టికెట్టు వంద చిల్లర. ఎడమవైపు కూర్చుంటే ఎండ తప్పుతుంది. నాయన మాత్ర వేసుకుని, రెండు గుడ్లు తిని ఎక్కాడు.

చంద్రగిరి రాకముందే వేలంపాట మొదలుపెట్టాడు. "తోతాపురి! ఒకటోసారి! రెండోసారి!" బస్సంతా నవ్వింది, అందరికంటే గట్టిగా నేను. మూడోసారి అనలేదు. చొక్కా తడిసి ముద్దయింది. చేతులు వణుకుతున్నాయి. నన్ను చూసి, "ఎవురప్పా నువ్వు?" అన్నాడు.

వెనక సీట్లోంచి ఒకామె లేచి వచ్చింది. "ఎగతాళి కాదప్పా ఇది! మీ నాయనకు షుగరుండాదా? డౌనయిపోతాండాది. మా ఇంటాయనకూ ఇట్నే అయినాది. తీపేదన్నా బిన్నా తాగించు, జాగు సెయ్యొద్దు!"

కండక్టరు బస్సాపించి, రోడ్డు పక్క అంగడి నుంచి మామిడి రసం సీసా తెచ్చాడు. నాయన మూతి తిప్పుకున్నాడు. "ఒద్దు. దాంట్లో చక్కెరుండాది."

"ఉండాదనే తాగమనేది, పెద్దాయనా! మింగు!" ఆమె గడ్డం పట్టుకుంది.

జన్మంతా మామిడికాయలమ్మిన మనిషి ప్రాణం ఇరవై రూపాయల సీసా మీద నిలబడింది.

తిరుపతిలో దిగి ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తాం. డాక్టరు బరువు చూసి తిట్టాడు. "ఇంత తగ్గారు కదా, ఇంకా కడుపెందుకు మాడ్చుకున్నారు? తిండి తగ్గితే మాత్ర కూడా తగ్గించాలి, నన్నడగొద్దా?"

"మా కాటా మీద తగ్గలేదు సార్," అన్నాడు నాయన. "మీ దానికంటే నాలుగు కిలోలు ఎక్కువే సూపిస్తాండాది."

షుగరు కుదుటపడేదాకా ఆపరేషన్ వాయిదా పడింది. తిరుగు బస్సులో నాయన కిటికీ వైపు తిరిగి అన్నాడు: "కాటా చెడిపోయినాదిరా. రిపేరు చేపియ్యాల."

ఈ తిండి మంచిదా చెడ్డదా నాకు తేలలేదు. బరువు తగ్గిన మాట నిజం. కన్నకొడుకు ముఖం గుర్తు రాకపోవడమూ నిజం. షుగరు మందులు వాడేవాళ్లు అన్నం మానే ముందు డాక్టరును అడగండి. ప్రయాణంలో జేబులో చక్కెర పొట్లం ఉంచుకోండి.

కాటా బాగానే ఉంది. అంకె మొండికేసిన రోజుల్లో నాయన వెనక నిలబడి, కూలీలకు కన్నుగీటి, దాని మీద కాలి బొటనవేలు పెట్టి నొక్కింది నేను.