గోడవైపు తిరిగి వినాలి

మీరెవరో, ఏం పని చేస్తారో, ఎంత తొందరలో ఉన్నారో రాఘవేంద్రగారికి అక్కర్లేదు. మీకు రెండు చెవులూ, మీ ఎదురుగా ఒక గోడా ఉంటే చాలు. మిమ్మల్ని ఆ గోడవైపు తిప్పి నిలబెడతారు. వెనకనుంచి ఒక గిటారు మీద చిన్న ముక్క వాయించి, దాన్ని దించి ఇంకొకటి ఎత్తుకుని అదే ముక్క వాయిస్తారు. "ఇప్పుడు చెప్పండి, ఇద్దరిలో ఎవరు ఎలాంటివారు?" అని అడుగుతారు. బాగుంది, బాగాలేదు అంటే కుదరదు. మనిషి గురించి చెప్పినట్టు చెప్పాలి. చెప్పేదాకా వెనక్కి తిరగనివ్వరు.

ఆయనవి మామూలు గిటార్లు కావు. ఆర్చ్‌టాప్ అంటారు. మామూలు గిటారు పొట్ట చదునుగా ఉంటుంది. వీటికి పై చెక్కని వయొలిన్‌కి మల్లే ఉబ్బెత్తుగా చెక్కుతారు. నడుమ గుండ్రటి బెజ్జానికి బదులు రెండు పక్కలా కొక్కేల్లాంటి చీలికలుంటాయి. జాజ్ వాయించేవాళ్ళు వీటికోసం ప్రాణం పెడతారు. రాఘవేంద్రగారు వెంగళరావు నగర్‌లో కొనవలసిన ఫ్లాటు పెట్టారు. మధురానగర్ అద్దె ఇంటికి వచ్చిన చుట్టాలకి ఆయన భార్య జ్ఞానప్రసూనాంబ మంచం కింద మూడు పెట్టెలు చూపించి, ఇది మా హాలు, ఇది పడకగది, అది వంటిల్లు అని చెబుతుంది.

ఆ మూడింటికీ పేర్లున్నాయి. మొదటిది పెద్దాయన. న్యూజెర్సీలో ఎవరో ఒంటరి పనివాడు నిండు చెక్కని నెలల తరబడి చెక్కి చేసింది. వెడల్పాటి ఒళ్ళు, ముదురు తేనెరంగు. పెద్దాయన మాట నిండుగా అంటాడు, అనేసి ఊరుకుంటాడు, సాగదీయడు. రెండోది లాయరు. పొరలు పొరలుగా అతికించిన చెక్క, బిగువైన గొంతు. చుట్టూ డ్రమ్ములు ఎంత గోల చేసినా తన వాదన వినిపించి తీరతాడు, మనసులో ఏముందో మాత్రం బయటపడనివ్వడు. మూడోది అత్తయ్యగారు. జర్మనీ నుంచి వచ్చింది, మీగడ రంగు. మాట తియ్యన, కానీ మొదలుపెడితే ముగింపు ఉండదు. తీగ వదిలేశాక కూడా ఇంకా ఏదో చెబుతూనే ఉంటుంది.

ఒకసారి ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నారు. ప్రసాదానికి రవ్వ వేగుతున్న సందులో, ఖాళీగా కనిపించిన పురోహితుణ్ణి రాఘవేంద్రగారు గోడవైపు తిప్పారు. ఆయన పాపం కళ్ళు మూసుకుని శ్రద్ధగా విని, మొదటివారు మంత్రం చెబుతున్నట్టుందనీ, రెండోవారు దక్షిణ విషయం కదుపుతున్నట్టుందనీ చెప్పాడు. లాయరు గురించి అంత సరైన మాట ఎవరూ చెప్పలేదని రాఘవేంద్రగారు మురిసిపోయి, అత్తయ్యగారిని కూడా వినిపించారు. అత్తయ్యగారు ముగించేసరికి రవ్వ మాడింది.

ఇంకోసారి ఆయన సినిమా పాటలకి వాయించే స్టూడియోకి ఒక పెద్ద హీరో వచ్చాడు. రాఘవేంద్రగారు ఆయన్నీ వదల్లేదు. హీరో సరదాపడి గోడవైపు తిరిగాడు. ఆయన తిరిగాడని బౌన్సర్లు తిరిగారు. వాళ్ళు తిరిగారని మేనేజరు తిరిగాడు. అప్పుడే లోపలికొచ్చిన నిర్మాత, అందరూ గోడకి మొహం పెట్టి మౌనంగా నిలబడి ఉండటం చూసి, ఎవరో పోయారనుకుని తనూ తల వంచుకుని నిలబడ్డాడు. సంగతి తెలిశాక కూడా ఆయనకి చాలాసేపు మనసు కుదుటపడలేదు.

ఇదంతా చూసీ చూసీ అలిసిపోయిన మనిషి రఘునందన్. ఫిల్మ్‌నగర్‌లో ఒక సెల్లారు స్టూడియోలో రికార్డింగు ఇంజనీరు. బోరబండ గుట్ట దిగి ఈ పనిలోకి వచ్చాడు, జుట్టంతా ఇక్కడే నెరిసింది. ఈ మధ్య గిటారు కావలసిన పాటలే తక్కువ. కంప్యూటర్లో మీట నొక్కితే ఏ వాద్యమైనా మోగుతోంది. అరుదుగా ఎవరైనా అసలు గిటారు కావాలని రాఘవేంద్రగారిని పిలిస్తే, గంట పని ఈ గోడ పరీక్షల పుణ్యమా అని పూటంతా సాగుతుంది. "జర జల్ది కానియ్యన్నా, గా పిలగానికి ఫ్లైటున్నది" అని రఘునందన్ బతిమాలితే, "ఫ్లైటు దారి దానికి తెలుసు రఘూ, వెళ్తుంది" అని ఆయన పెట్టె తెరుస్తారు.

రఘునందన్ అలసటకి ఇంకో కారణం ఉంది. అది ఇల్లు దాటి ఎవరికీ తెలియదని అతని నమ్మకం. ఇంట్లో వాషింగ్ మెషీన్ పని పూర్తయినట్టు కూత పెట్టడం మానేసిందని ఒకసారి అతను మెకానిక్‌ను పిలిపించాడు. మెకానిక్ వచ్చాడు, మెషీన్ తిప్పాడు, చివర్లో అదిగో కూసింది కదా అన్నాడు. రఘునందన్ భార్య నీలమ్మ కూడా కూసిందనే అంది. ఇద్దరూ అతనివైపు చూశారు. అతనికి ఏమీ వినబడలేదు.

మాటలు వినబడతాయి, డోలు వినబడుతుంది. పైస్థాయిలో ఉండే సన్నటి తళుకు మాత్రం చెవి దాకా రావడం లేదు. హీరోకి జుట్టు రాలితే విగ్గు పెడతారు. రికార్డింగు ఇంజనీరుకి చెవి మొద్దుబారిందని ఫిల్మ్‌నగర్‌లో తెలిస్తే ఇంకో ఇంజనీరుని పెడతారు. స్టూడియో ఓనరు అప్పటికే ఆ గదిని యూట్యూబ్ ఇంటర్వ్యూలకి కిరాయికిచ్చే ఆలోచనలో ఉన్నాడు. ఒక్క పాట చెడితే చాలు. అందుకని రఘునందన్ చెవితో చేయవలసిన పని కంటితో చేస్తూ, తెరమీద గీతలు చూసి నెట్టుకొస్తున్నాడు.

అలాంటివాడికి, రాఘవేంద్రగారు తనను గోడవైపు తిప్పడం మానేసినందుకు సంతోషం కలగాలి. కలగలేదు. ఊడ్చి టీలు పోసే దేవమ్మని కూడా తిప్పుతారు, అతన్ని మాత్రం "నువ్వు మిక్సింగ్ బల్ల దగ్గరే ఉండు రఘూ" అంటారు. ఇన్నేళ్ళ స్నేహంలో తన చెవికి దేవమ్మ చెవిపాటి విలువ లేదా అని అతను లోలోపల నొచ్చుకునేవాడు.

ఆ వేసవిలో చిన్మయ్ అనే కుర్ర సంగీత దర్శకుడు తన మొదటి పెద్ద సినిమా పాట పట్టుకుని వచ్చాడు. అసలైన ఆర్చ్‌టాప్ నాదం కావాలన్నాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక రాఘవేంద్రగారు అద్దం అవతలి గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని పెద్దాయనని ఒళ్ళోకి తీసుకున్నారు. ఇవతల బల్ల దగ్గర రఘునందన్‌కి ఆ గొంతు ఎందుకో దుప్పటి కప్పుకున్నట్టు వినిపించింది. తళుకు కోసం పైస్థాయి మీట కాస్త పెంచాడు. చాలలేదు. ఇంకాస్త పెంచాడు. రికార్డు చేసి వినిపించాడు.

చిన్మయ్ కుర్చీలోంచి సగం లేచాడు. "సర్, ఏంటిది? చెవిలో సూదితో పొడిచినట్టుంది. మీకు అనిపించట్లేదా?"

రఘునందన్ తెరమీద గీతలవైపు చూశాడు. ఏం చెప్పినా అబద్ధమే అవుతుంది. చిన్మయ్ మర్యాదగానే, జూబ్లీహిల్స్‌లో తన స్నేహితుడి స్టూడియో ఉందనీ, మిగతాది అక్కడ చూసుకుందామనీ ఫోను తీశాడు.

అంతలో అవతలి గదిలోంచి మైకులో రాఘవేంద్రగారి గొంతు వినిపించింది. "తప్పు పెద్దాయనది చిన్మయ్ బాబూ. ముసలాడికి నోరెక్కువ. ఎవరో ఒకర్ని కరవందే ఊరుకోడు. మిగతా ఇద్దర్నీ విని చూడండి."

రఘునందన్ ఉలిక్కిపడ్డాడు. పెద్దాయనని పాత చెక్క అన్నందుకు సొంత బావమరిదితో మాటలు మానేసిన మనిషి ఆయన.

చిన్మయ్‌నీ, ఇందాకే టీ తెచ్చి అంతా విన్న దేవమ్మనీ గోడవైపు తిరగమన్నారు. తిరిగారు. రాఘవేంద్రగారు లాయరు పెట్టె గడియలు టకటకమని తీశారు, అంతే చప్పుడుతో వేశారు. మళ్ళీ పెద్దాయననే వాయించారు. వాయిస్తూ అద్దంలోంచి రఘునందన్‌ని చూసి, చిటికెన వేలు పైకెత్తి మెల్లగా కిందికి దించారు. రఘునందన్‌కి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అతని చెయ్యి పైస్థాయి మీట మీదికి వెళ్ళి కొంచెం తగ్గించింది. వేలు ఇంకా దిగింది. మీట ఇంకా దిగింది.

ఇది లాయరు, ఎలా ఉన్నాడని రాఘవేంద్రగారు అడిగారు. ఇందాకటికంటే చాలా నయమని చిన్మయ్ అన్నాడు. దేవమ్మ టీ ట్రే పట్టుకునే ఆలోచించింది. "మొదటిది మా అత్త ఆకలి మీద తిట్టినట్టుండె. గిది తిన్నంక తిట్టినట్టున్నది సారూ."

అత్తయ్యగారి పెట్టె కూడా చప్పుడు చేస్తూ తెరుచుకుంది, మూసుకుంది. మూడోసారీ పెద్దాయనే పలికాడు. చిటికెన వేలు దిగుతూ దిగుతూ ఒకచోట ఆగింది. మీట కూడా అక్కడే ఆగింది.

చిన్మయ్ గోడవైపు నుంచే చెయ్యెత్తాడు. "ఇదే సర్. ఇదే నాకు కావలసింది. దానికీ దీనికీ ఎంత తేడా." అది అత్తయ్యగారని రాఘవేంద్రగారు గంభీరంగా చెప్పారు. గిటార్ల పేర్లు చెప్పడంలో ఆయన అబద్ధం ఆడగా రఘునందన్ చూడటం ఆ రోజే మొదలు. ఇందాక వాయించినది ఏ రంగు గిటారో గమనించని, ఏ పేరు దేనిదో ఎరగని చిన్మయ్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రానికి పాట పూర్తయింది.

పార్కింగ్‌లో రాఘవేంద్రగారు పెట్టెల్ని ఆటోలో సర్దుతుంటే రఘునందన్ వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

"అన్నా, మూడుసార్లు పెద్దాయనే గదా."

"కళ్ళు బాగానే ఉన్నాయన్నమాట. మరి చెవుల డాక్టరు దగ్గరికి ఎప్పుడెళ్దాం?"

రఘునందన్ లాయరు పెట్టె అందుకున్నాడు. "ఎప్పటిసంది ఎరుక నీకు?"

"నన్ను తిట్టడం మానేసిన కాడినుంచి. తీగల మీద నా వేళ్ళు కీచుమన్నాయంటే చాలు, పాట ఆపించి మరీ తిట్టేవాడివి. ఒకరోజు కీచుమన్నాయి, నువ్వు బ్రహ్మాండం అన్నావు. నా వాయింపు నాకు తెలీదా?"

"గందుకేనా నన్ను గోడకు తిప్పుడు బంద్ చేసినవ్?"

ఆయన అది విననట్టే, పెద్దాయన పెట్టె మీద దుమ్ము తుడుస్తూ, ఇవాళ అన్న మాటలకి ఈయన ఎన్నాళ్ళు అలుగుతాడో అని గొణుక్కున్నారు. ఆ అలక తీర్చడానికి కొత్త తీగలు వేయించాలన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియక రఘునందన్ లాయరు పెట్టెని తన ఒళ్ళో పెట్టుకుని అదే ఆటో ఎక్కాడు.

ఆ వారమే ఇద్దరూ వినికిడి యంత్రాల క్లినిక్‌కి వెళ్ళారు. అక్కడి మనోజ అనే అమ్మాయి తన చదువంతా ఉపయోగించి ఏ యంత్రం సరిపోతుందో కంప్యూటర్లో చూపించింది. రాఘవేంద్రగారు కంప్యూటర్‌ని నమ్మలేదు. వెంట తెచ్చిన గిటారు తీసి, ఒక్కో యంత్రం మార్చి పెట్టిస్తూ రఘునందన్ చేత ఒక్కోదాని గుణగణాలు చెప్పించారు. ఒకటి అన్నీ చూసి కూడా పట్టించుకోని హెడ్ కానిస్టేబుల్‌లా ఉందన్నాడు రఘునందన్. ఇంకొకటి పక్కింటి కబుర్లు కూడా మోసుకొచ్చే మనిషిలా ఉందన్నాడు. వెయిటింగ్ హాల్లో పేషెంట్లు పెరిగిపోతున్నారని చెప్పడానికి వచ్చిన డాక్టరు కాసేపట్లో తనూ గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

చివరికి చిక్కుడు గింజంత యంత్రం ఒకటి కుదిరింది. దాన్ని చెవి వెనక, నెరిసిన జుట్టు కింద దాచుకుని రఘునందన్ స్టూడియోకి వచ్చాడు. దేవమ్మ గాజులు గలగలమన్నాయి. కుర్చీ కిర్రుమంది. లోకం మళ్ళీ నిండింది. చిన్మయ్ ఇంకో పాటతో వచ్చి పక్కన కూర్చున్నాడు. అద్దం అవతల రాఘవేంద్రగారు కళ్ళు మూసుకుని వాయించడం మొదలుపెట్టారు. రఘునందన్ కూడా ఎన్నాళ్ళకో కళ్ళు మూసుకుని విన్నాడు.

విని, కళ్ళు తెరిచాడు. గిటారుతోపాటు సన్నగా ఒక ఈల వస్తోంది. మైకు దగ్గరే. తీగల మీదినుంచి కాదు, ఇంకాస్త పైనుంచి. రాఘవేంద్రగారికి తన్మయత్వం పెరిగినప్పుడల్లా ముక్కు ఈల వేస్తోంది. ఆయన ఊపిరి తీసుకుంటే ఒక ఈల, వదిలితే ఇంకో ఈల. ఆ ముక్కు ఎన్ని పాటల్లో, ఏ పెద్ద గాయకుల పక్కన కూర్చుని ఎన్నేళ్ళుగా వినిపిస్తోందో దేవుడికే తెలియాలి.

చిన్మయ్ భృకుటి ముడిచి అటూ ఇటూ చూశాడు. "సర్, ఎక్కడిదో విజిల్‌లాగా వస్తోంది..."

"ఏసీ సార్" అన్నాడు రఘునందన్. "పాతదైంది. బంద్ చేస్త, ఫికర్ చెయ్యకుండ్రి."

లోపలికి వెళ్ళి ఏసీ ఆపాడు. వస్తూ వస్తూ మైకుని జానెడు కిందికి, ముక్కుకి దూరంగా జరిపాడు. ఈల పోయింది. ఏసీకి చెడ్డపేరు స్థిరపడింది కాబట్టి ఇక దాన్ని వేయడానికి లేదు. మే నెల ఎండలో, కిటికీ లేని సెల్లారులో పాట మొదలైంది. పల్లవికే రాఘవేంద్రగారి చొక్కా ఒంటికి అంటుకుంది. మొదటి చరణం కాగానే ఆయన నుదురు తుడుచుకుని, చచ్చిపోతున్నాను, ఆ ఏసీ వెయ్యవయ్యా రఘూ అని మైకులో గోలపెట్టారు.

రఘునందన్ తెరమీద గీతలవైపు చూస్తూ, ఏమీ వినబడనట్టు కూర్చున్నాడు.