అద్దానికి అతుక్కున్న ఫోటో

పుంగనూరులో మా అత్తగారింట్లో గోడకు ఒక నలుపు తెలుపు ఫోటో ఉండేది. మా ఆయనకంటే ముందు పుట్టి, మాటలు నేర్చిన వయసులోనే జ్వరంతో పోయిన ఆడపిల్లది. ఆ పిల్లకు ఉన్న ఫోటో అదొక్కటే. మా అత్త ప్రతి పండగకూ దాన్ని కిందికి దించి, తడిగుడ్డతో అద్దం తుడిచి, కుంకుమ బొట్టు పెట్టి మళ్లీ మేకుకు తగిలించేది. ఏళ్ల తరబడి తుడిచిన నీళ్లు కొంచెం కొంచెంగా ఫ్రేములోకి దిగి ఫోటో కాస్తా అద్దానికి అతుక్కుపోయింది. ఆ సంగతి మేమెవరమూ గమనించలేదు. గమనించేసరికి బూజు మచ్చ కింది మూల నుంచి పైకి పాకి, పిల్ల గౌను దాటి మెడ దగ్గరికి వచ్చేసింది.

"నేనే తుడిసి తుడిసి పాడు సేసినా మే," అని మా అత్త ఆ రోజు అన్నం ముట్టలేదు.

నేను మదనపల్లెలో ఇంట్లోనే కంప్యూటరు పెట్టుకుని పెళ్లికార్డులు, కరపత్రాలు తయారుచేసి ప్రెస్సులకు ఇస్తుంటాను. అందుకని అందరూ నా వైపే చూశారు. నేనూ పెద్ద పోటుగత్తెలా "అదెంత పని అత్తా, స్కాన్ చేసి కొత్తది చేయించుకొస్తా" అనేశాను.

స్టూడియోవాళ్లు ముందు అద్దం నుంచి ఫోటోను ఊడదీయమన్నారు. మా అత్త ససేమిరా అంది. "ఊడదీస్తే మొగం అద్దానికే పోతాది. నా బిడ్డను నేను ఇంకోసారి పోగొట్టుకోలేను." ఆ మాట తర్వాత ఇక నేను వాదించలేదు. చెక్క ఫ్రేము మాత్రం విప్పి, అద్దాన్నీ ఫోటోనూ కలిపి పాత చీరలో చుట్టుకుని మదనపల్లెకు తెచ్చుకున్నాను.

ఫోనుతో తీస్తే అద్దంలో నా మొహమూ ట్యూబులైటూ పడ్డాయి. జెరాక్సు షాపులోని కొత్త మిషన్ మీద పెడితే పిల్ల మంచులో నిలబడినట్టు మసగ్గా వచ్చింది. మా ఆయన ఊరుకోకుండా ఆ మసక బొమ్మను తన ఫోనులోని ఏదో యాప్‌కు ఇచ్చాడు. అది క్షణంలో కళ్లు, ముక్కు, నవ్వు అన్నీ చక్కగా దిద్దిపెట్టింది. మురిసిపోయి వాళ్లమ్మకు పంపించాడు. కాసేపటికి ఆమె ఫోను చేసింది.

"పిల్ల బాగుండాది నాయనా. ఎవురి బిడ్డ?"

నాకైతే ఒళ్లు మండిపోయింది. యాప్ మీదా, ఆయన మీదా, అదెంత పని అన్న నా మీద కూడా. ఈ పని అయ్యేదాకా కొత్త పెళ్లికార్డు పని ఒప్పుకోకూడదని ఆ రోజే అనుకున్నాను.

అక్కడా ఇక్కడా చదివితే అసలు సంగతి తెలిసింది. ఇప్పుడొచ్చే పలచటి స్కానర్లు తమకు ఆనుకుని ఉన్న కాగితాన్నే స్పష్టంగా చూస్తాయట. వెనకటి లావుపాటి స్కానర్లకు లోపల కటకమూ అద్దాలూ ఉండటం వల్ల అద్దం మందమంత ఎడంగా ఉన్నది కూడా తేటగా పడుతుందట. అలాంటిది కుప్పంలో నాకు వరసకు అన్న అయ్యే ఒకాయన దగ్గర ఉండాలి. ఒకప్పుడు ఆయన ఫోటో స్టూడియో నడిపేవాడు. అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాక అది మూసేసి ఇప్పుడు బెంగుళూరుకు కూరగాయలు పంపిస్తున్నాడు.

వెళ్లి అడిగితే అటక మీది నుంచి దించి దుమ్ము దులిపాడు. "కొత్త కంప్యూటరు కొన్నప్పట్నుంచి ఇది పలకదు మా. కంపెనీవాళ్లే దీన్ని ఇడిసిపెట్టినారు. పాత ఇనుముకు ఏద్దామనుకుంటాండా."

"నాకియ్యన్నా. నా కంప్యూటరు వేరే రకం," అన్నాను. స్కానరుతో పాటు కంపెనీ ఇచ్చిన సీడీ కూడా డబ్బాలో పెట్టి ఇచ్చాడు.

నా కంప్యూటరు నడిచేది అందరిలా విండోస్ మీద కాదు, లినక్స్ మీద. వైరస్‌లతో విసిగిపోయి ఎప్పుడో అందులోకి మారాను. లోకంలో ఎక్కడెక్కడో కూర్చున్నవాళ్లు రాసి, ఊరికే వాడుకోమని వదిలిన సరుకు. కంపెనీలు చేతులు దులుపుకున్న పాత సామాన్లను కూడా వాళ్లలో ఎవరో ఒకరు పట్టుకుని వదలరు. మొండివాళ్లు కాబట్టి నాకు వాళ్లంటే అభిమానం.

బస్సులో స్కానర్ను ఒళ్లోనే పెట్టుకున్నాను. కండక్టరు లగేజీ టికెట్టు కొట్టాలా వద్దా అని చూసి, "బిడ్డనెత్తుకున్నట్టు ఎత్తుకున్నావు కదమ్మా, కూర్చో," అని వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి తగిలిస్తే వైరు చివర ఏదో ఉందని కంప్యూటరు ఒప్పుకుంది, అది స్కానరని మాత్రం ఒప్పుకోలేదు. ఇంటర్నెట్‌లో తవ్వగా తవ్వగా తెలిసిందేమిటంటే, ఈ స్కానరుకు సొంత జ్ఞాపకం లేదు. వెలిగించిన ప్రతిసారీ కంప్యూటరే ఒక చిన్న ఫైలు పంపి దానికి పని నేర్పాలి. ఆ ఫైలు కంపెనీ సీడీలో, విండోస్ కోసం కట్టిన మూటలో ఉంది. సీడీ మీద గీతలు. ఒకచోట చదివి ఇంకోచోట మొరాయించేది. మెత్తటి గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి, మళ్లీ తీసి, చివరికి ఆ ఒక్క ఫైలునూ బయటికి లాగి లినక్స్‌వాళ్లు చెప్పిన చోట పెట్టాను.

ఇప్పుడు కొత్త తంటా. సర్వాధికారాలున్న రూట్ పేరుతో అడిగితే "స్కానరుంది" అంటుంది, నా పేరుతో అడిగితే "లేదు" అంటుంది. ఆఫీసరుకు ఒక జవాబు, మనకొక జవాబు. నా ఇంట్లో, నా బల్ల మీద ఈ దర్జా ఏమిటని తిట్టుకుంటూనే, స్కానరు వాడుకునేవాళ్ల జాబితాలో నా పేరు చేర్చి కంప్యూటరును ఆపి మళ్లీ వెలిగించాను. ఈసారి నా పేరుకూ పలికింది.

సంబరంగా మొదలుపెట్టగానే లోపల గరగరమని పళ్లు నూరిన శబ్దం. దీపం వెలుగుతోంది గానీ కదలదు. సెట్టింగులన్నీ మార్చాను. వేరే వైరు వేశాను. మా ఆయన తలుపు దగ్గర నిలబడి "ఇంక చాల్లే, వదిలెయ్" అన్నాడు. "మీ అక్క ఫోటో, నువ్వు వదిలెయ్. నేను వదలను," అన్నాను. ఆయన లోపలికొచ్చి నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

కుప్పానికి ఫోను చేసి శబ్దం వినిపించాను.

"అయ్యో, సెప్పేది మరిసిపోయినా మా. తిప్పి అడుగున సూడు. అటక మీద పెట్టేటప్పుడు దీపం కదలకుండా తాళమేసినా. ఆ గొళ్లెం జరుపు."

జరిపాను. మెల్లగా దీపం కదిలింది. అద్దాన్ని పెట్టి, పైన నల్లగుడ్డ కప్పి, చూస్తుంటే తెర మీద ముందు జుట్టు వచ్చింది, తర్వాత నుదురు, తర్వాత కళ్లు. ఒక కన్ను కొంచెం చిన్నది. యాప్ దాన్ని రెండో కంటితో సమానం చేసేసింది. మా ఆయన ఆ చిన్న కంటిని చూపించి "ఇది మా అక్క," అన్నాడు.

ప్రింటు తీసుకుని పుంగనూరు వెళ్లాం. మా అత్త దాన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది. "నా బిడ్డే," అని తృప్తిగా తల ఊపింది. నేను ఆ అద్దాన్ని మళ్లీ ఫ్రేములో బిగించబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇప్పుడు ఊడదీ మే."

"మొహం పోతే అత్తా?"

"పోతే పోనీ. బొమ్మ నీ కంప్యూటర్లో ఉండాది కదా. ఇన్నేండ్లూ అద్దాన్నే తడుముకుంటా ఉండాను."

పళ్లెంలో నీళ్లు పోసి నానబెట్టాం. మా ఆయన పళ్లెం కదలకుండా పట్టుకుంటే నేను అంచు అందుకుని కొంచెం కొంచెంగా లాగాను. గౌను సగం, మెడ అద్దానికే ఉండిపోయాయి. మొహం మాత్రం వచ్చింది. నీడలో ఆరబెట్టి తెచ్చి ఆమె ముందు పెట్టాను.

మా అత్త చేతులు కొంగుకు తుడుచుకుంది. తడి ఉందేమోనని మళ్లీ తుడుచుకుంది. తర్వాత ఒక వేలితో పిల్ల బుగ్గను తాకి, అలాగే ఉంచింది.

"అద్దం మాదిరి సల్లంగా లేదు మే," అంది.