ప్రతి శుక్రవారం లీకయ్యే ఇల్లు

మౌంట్ రాస్కిల్‌లో మా ఇంటి ఇన్సూరెన్స్ ప్రీమియం ఈసారి బాగా పెరిగింది. నీళ్ల లీకులను పసిగట్టే, బిళ్లల్లాంటి సెన్సర్లు పెట్టుకుంటే తగ్గిస్తామన్నారు. వీడియోలు చూసి నేర్చుకుని, సింకుల కింద, లాండ్రీ గదిలో వాషింగ్ మెషీన్ పక్కన నేనే పెట్టాను. మూడు నెలల రికార్డు అడిగితే, రోజూ లెక్క రాసే అలవాటు కొద్దీ ఒక్క అలర్ట్ కూడా వదలకుండా పంపాను. ఎందుకు మోగిందో రాయాలని మాత్రం తోచలేదు.

ఈ రోజు ఇన్సూరెన్స్ ఆఫీసు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది.

"మీ లాండ్రీలో ప్రతి శుక్రవారం పొద్దున ఏడింటికి పైపు లీకవుతోందా? ప్లంబర్‌ని పిలిచారా?"

అది తేలేదాకా డిస్కౌంట్ లేదంది. "పైపు కాదు, మా ఆవిడ" అన్నాను. ఫోన్‌లో ఉన్నావిడకు అర్థం కాలేదు.

శుక్రవారం వెనక గుమ్మంతో పాటు లాండ్రీ నేలంతా మా ఆవిడ బకెట్లతో నీళ్లు పోసి కడుగుతుంది. తడిగుడ్డతో తుడిస్తే సరిపోదా అని అడిగాను.

"గుమ్మం కడగకుండా దీపం ఎలా పెట్టమంటారు? శుక్రవారం సెలవని మీ బిళ్లకే చెప్పుకోండి!"

ఇంకో మూడు నెలల రికార్డు పంపుతానని ఆఫీసుకు రాసేశాను. ఈ శుక్రవారం నుంచి కడిగేది నేనే. ముందు సెన్సర్ పైకి తీసి, కడిగి, నేల ఆరాక మళ్లీ కింద పెడతాను.

"మూలలు వదిలేస్తే నేను మళ్లీ కడుగుతా," అంది మా ఆవిడ.

అందుకని మూలల నుంచే మొదలుపెడతాను. మీ ఇళ్లలో శుక్రవారాలు ఎలా గడుస్తున్నాయో చెప్పండి.